దుబాయిలో ఈసారి దిగుతున్నాం

హెర్న్‌డన్‌లో కాపురం ఉంటున్నవారికి విమానాల గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. పెరట్లో టమాటా మొక్కలకు నీళ్ళు పోస్తూ తలెత్తితే చాలు, చక్రాలు దించుకుని వాలుతున్న విమానం పొట్ట కనిపిస్తుంది. 1962 నవంబరులో కెనెడీ ప్రారంభోత్సవం చేసిన డల్లెస్ ఎయిర్‌పోర్టు మా ఇంటికి పది నిమిషాల దూరం. ఊళ్ళో ఈ పేరు చెబితే "డల్లాసా? అది టెక్సాసులో గదా?" అని అడగనివారు లేరు. ఇరవై ఏళ్ళుగా దిద్దుతూనే ఉన్నాము, ఇక మానుకున్నాము.

2012 సెప్టెంబరులో ఎమిరేట్స్ వారు ఈ డల్లెస్‌నుంచి తిన్నగా దుబాయికి విమానం వేశారు. అప్పటినుంచి హైదరాబాదు పోయి రావడానికి మాది అదే దారి. ఇంచుమించు పదమూడు గంటలు ఒక విమానం, నాలుగు గంటలు ఇంకో విమానం, మధ్యలో మూడు నాలుగు గంటల విరామం. ఇప్పటికి ఆరుసార్లు వెళ్ళి వచ్చాము. అంటే పోనూ రానూ పన్నెండుసార్లు దుబాయి నేలమీద కాలు పెట్టామన్నమాట. నేలమీద అనడం కూడా తప్పే. మూడో టెర్మినలు తివాచీమీద పెట్టాము. ఆ తివాచీమీదే పిల్లలు నిద్రపోయారు, అక్కడే ఖర్జూరాల డబ్బాలు కొన్నాము, అద్దాల్లోంచి దూరాన మెరిసే గోపురాన్ని చూసి "అదే బుర్జ్ ఖలీఫా" అని ఒకరికొకరం చూపించుకున్నాము. ఊరు చూశామా అంటే లేదు.

ఈసారి దిగి మూడు రోజులు ఉండాలని నిశ్చయించాము. మన సంఘ సభ్యుల్లో చాలామందిది ఇదే దారి గనుక, మా ఏర్పాట్లు రాస్తే పనికొస్తాయని మిత్రులు అడిగారు. పోకముందే యాత్రాచరిత్ర రాయడం ఏమిటని నవ్వకండి. ఈ ఆరు నెలల్లో మాకు జరిగిన యాత్రంతా ఈ ఏర్పాట్లలోనే జరిగింది.

మా ఇద్దరిలో ఒకరికి పట్టికలు వేసే జబ్బుంది, రెండోవారికి వాటిని చింపే ఓపిక ఉంది. మొదటి పట్టిక జూలైకి వేశాము. బడి సెలవులు అప్పుడే గదా. గురువారం ఉదయం దిగడం, శనివారం రాత్రి హైదరాబాదు విమానం ఎక్కడం. మధ్యలో బుర్జ్ ఖలీఫా, దాని కింద నీళ్ళ నాట్యం, పెద్ద మాలు, ఇసుకతిన్నెల మీద జీపు సవారి. హోటలు కూడా ఆ గోపురం పక్కనే. టిక్కెట్లు కొనబోయేముందు మాట వరసకి మా తమ్ముడికి ఫోను చేశాము.

తమ్ముడంటే మా చిన్నాన్న కొడుకు. జగిత్యాల పక్క పల్లెలో ఒకే వాకిట్లో పెరిగాము, ఒకే బడికి పోయాము. అతను పదో తరగతి లెక్కల్లో తప్పాడు. మళ్ళీ రాయమంటే రాయలేదు. ఆ ఒక్క పరీక్ష ఎంత దూరం తెచ్చిందో చెప్పాలంటే పాస్‌పోర్టు తెరిచి చూపాలి. 1983 నాటి వలసల చట్టం కింద, పది పాసు కానివాడు గల్ఫుకు పనికి పోవాలంటే సర్కారువారి అనుమతి కావాలి. అలాంటివారి పాస్‌పోర్టుమీద ఈ.సి.ఆర్. అని ముద్ర ఉంటుంది. మా పాస్‌పోర్టుల్లో ఆ ముద్ర లేదు. మేము అమెరికా వచ్చాము, అతను బోరు బావుల అప్పు మీద ఏజెంటు అప్పు కూడా చేసి 2011లో దుబాయి వెళ్ళాడు. షట్టరింగు పని. కాంక్రీటు పోయడానికి చెక్కలతో, ఇనుప పలకలతో అచ్చులు కట్టి, అది గట్టిపడ్డాక విప్పడం. ఉండేది ఊరి చివర సోనాపూర్‌లో. అది కూలీలు పెట్టుకున్న పేరు. బంగారపు ఊరని దాని అర్థం. ఎవరు పెట్టారో గాని గడుసువాడే.

"అన్నా, గురువారం నుంచి శనివారమా? మంచిగనే ఉన్నది. నాకు ఛుట్టి మాత్రం ఆదివారం" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "ఏం గాదు తియ్యి, ఫోన్ల మాట్లాడుకుందం" అన్నాడు.

ఆ "ఏం గాదు" మాకు పాత సంగతి ఒకటి గుర్తు చేసింది. రాయకుండా దాటేద్దామనే అనుకున్నాము. 2015లో మేము పోయేరోజు శుక్రవారం పడింది. అప్పట్లో అక్కడ సెలవు శుక్రవారమే. మధ్యలో ఐదు గంటల విరామం ఉందని అతనికి చెప్పి ఉన్నాము. చెప్పామంటే వస్తామని చెప్పినట్టేనని అతను అనుకున్నాడు. చంటిపిల్ల నిద్రపోతోందనీ, బయటికి వెళితే మళ్ళీ వరసల్లో నిలబడాలనీ మేము లోపలే ఉండిపోయాము. ఫోన్లకి అక్కడి సిమ్ములు లేవు. ఊరు చేరిన మూడోరోజున మా చిన్నమ్మ నెమ్మదిగా అంది: "తమ్ముడు ఎయిర్‌పోర్టు కాడ మూడు గంటలు నిలవడ్డడట గద బిడ్డా." అతను మాత్రం ఏనాడూ ఆ మాట ఎత్తలేదు.

అంచేత మొదటి పట్టిక చినిగింది. ఆదివారం మధ్యలో పడేట్టు శనివారం దిగి సోమవారం ఎక్కేలా రెండో పట్టిక వేశాము. 2022 జనవరినుంచి ఆ దేశంలో ప్రభుత్వ కార్యాలయాలకి శుక్రవారం సగం పూట, శని, ఆదివారాలు పూర్తిగా సెలవు. మన సభ్యుల్లో పాత అనుభవం ఉన్నవారు ఇంకా శుక్రవారమనే అనుకుంటూ ఉంటారు, గమనించాలి. కట్టడాల్లో పనిచేసేవారికి వారానికి ఒకటే రోజు. ఆ రోజు ఏదో కంపెనీనిబట్టి ఉంటుంది. మీవాళ్ళెవరైనా అక్కడుంటే టిక్కెట్టు కొనకముందే అడగండి.

వారం సర్దుకుంది గాని నెల సర్దుకోలేదు. జూలై అనగానే తమ్ముడు నవ్వాడు. "ఎండల ఏం జూస్తరన్నా? మాకే పనాపుతరు." నిజమే. జూన్ 15నుంచి సెప్టెంబరు 15దాకా పగలు పన్నెండున్నరనుంచి మూడింటివరకు ఆరుబయట ఎండలో పని చేయించరాదని అక్కడి చట్టం. వేడి 40 డిగ్రీలు దాటడం మామూలు సంగతి. మన జగిత్యాల ఎండ అంతకు తక్కువేమీ కాదు గాని, సముద్రపు ఉక్క మనకు తెలియనిది. రాత్రి పదింటికి కూడా కళ్ళద్దాలమీద ఆవిరి పడుతుందట. అదే డిసెంబరు అయితే హాయిగా సముద్రం ఒడ్డున నడవవచ్చు. సంగతేమిటంటే, ఇది లోకమంతటికీ తెలుసు. హోటళ్ళ ధరలు పెరిగేదీ అప్పుడే, మన విమానం టిక్కెట్లు పెరిగేదీ క్రిస్మసు సెలవులకే. నలుగురికి కలిపి పదిహేనువందల డాలర్లు ఎక్కువ తేలింది. రెండు రాత్రులు ఆలోచించి డిసెంబరుకే కొన్నాము.

ఇక కాగితాలు. అమెరికా పౌరులకి దిగగానే ప్రవేశం ఇస్తారు, ముందుగా వీసా అక్కర్లేదు. మా ఇంట్లో ఒకరిది ఇంకా భారత పాస్‌పోర్టే. అమెరికా గ్రీన్‌కార్డుగాని వీసాగాని ఉన్న భారతీయులకి అక్కడే రుసుము తీసుకుని 14 రోజుల వీసా ఇస్తారు. పాస్‌పోర్టు ఇంకో ఆరు నెలలు చెల్లేట్టు ఉండాలి. పిల్లల ఓ.సి.ఐ. కార్డులు మర్చిపోకండి. అవి ఇండియాకి. డల్లెస్ కౌంటరులోనే అడుగుతారు.

మందుల విషయంలో జాగ్రత్త అవసరం. మన డాక్టర్లు మామూలుగా రాసిచ్చే దగ్గు మందుల్లో కోడీన్ ఉన్నవి, నొప్పి మాత్రల్లో ట్రమడాల్ వంటివి అక్కడ నియంత్రణలో ఉన్నాయి. వాటికి అక్కడి ప్రభుత్వంనుంచి ముందుగా అనుమతి పొందాలి. డాక్టరు చీటీ, అసలు సీసా రెండూ దగ్గర ఉంచుకోవాలి. అన్నిటికన్నా మనవాళ్ళకి తెలియనిది గసగసాల సంగతి. ఆ దేశంలో గసగసాలు నిషిద్ధం. నల్లమందు మొక్క గింజలు గనుక మత్తుపదార్థాల చట్టం కింద చూస్తారు. పోయేటప్పుడు మనం గసగసాలు మోసుకుపోము, నిజమే. వచ్చేటప్పుడో? అత్తగారో అమ్మో కోడికూరకని దంచి, మూడు కవర్లలో చుట్టి, బట్టల మధ్య పెట్టే మసాలాపొడిలో ఉండేవి ఏమిటి? మేము ఇప్పటికి ఎన్నిసార్లు అలా మోసి ఉంటామో తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది. ఈసారి అమ్మకు ముందే ఫోను చేసి చెప్పాము. "గసాలకు గూడ జైలా? వాళ్ళేం దింటరు మరి?" అని ఆశ్చర్యపోయింది.

పట్టికలు వేసేవారికి మధ్యలో చరిత్ర చదివే జబ్బు కూడా పట్టుకుంది. చదివినకొద్దీ మాకు తెలిసిందేమిటంటే, మనం అనుకున్నంత పరాయి ఊరు కాదది. 1966దాకా దుబాయిలో చెల్లింది రూపాయే. మొదట మామూలు రూపాయి. 1959నుంచి రిజర్వు బ్యాంకువారు గల్ఫుకోసమే వేరే రంగుల్లో నోట్లు అచ్చువేశారు. 1966 జూన్‌లో ఇందిరాగాంధీ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించగానే వాళ్ళు మన నోటుకి సెలవు చెప్పారు. చిత్రంగా దుబాయి సముద్రంలో చమురు పడిందీ ఆ ఏడాదే. అంతకుముందు ముత్యాల వేట, తర్వాత పడవల వ్యాపారం, అందులో మన బొంబాయితోనే ఎక్కువ. 1971 డిసెంబరు 2న ఆరు రాజ్యాలు కలిసి దేశం అయ్యాయి. ఏడోది మరుసటి ఏడాది చేరింది. ఎమిరేట్స్ విమానాల కంపెనీ 1985 అక్టోబరులో మొదలైనప్పుడు మొదట ఎగిరింది కూడా మనవైపుకే, కరాచీకి, బొంబాయికి, ఢిల్లీకి. ఇవాళ వాళ్ళ దిర్హం 3.67 ఇస్తే ఒక డాలరు. 1997నుంచి ఆ లెక్క కదలలేదు. ధర చూసి 3.67తో భాగించడం పిల్లలకు నేర్పుతున్నాము. తమ్ముడు మాత్రం దిర్హాన్ని రూపాయల్లోకే మారుస్తాడు. డాలర్లలో చెబితే, "గా లెక్క నాకొద్దన్నా, ఇంటికి పంపేది రూపాయలల్ల" అంటాడు.

చదివినదాంట్లో మాకు బాగా నచ్చింది పాత ఊరు. కాలవలాగా ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఒకటుంది. దానికి ఒకవైపు దేరా, రెండోవైపు బర్ దుబాయి. అబ్రా అనే చెక్కపడవలో ఈ దరినుంచి ఆ దరికి ఒక దిర్హం. బర్ దుబాయి వైపున, పర్షియాలోని బస్తక్ అనే ఊరినుంచి వచ్చిన వర్తకులు కట్టుకున్న పాత ఇళ్ళ పేట ఉంది. ఆ ఇళ్ళమీద చతురస్రంగా గాలి గోపురాలు ఉంటాయి. పైన నాలుగువైపులా తెరిచి ఉంటుంది. గాలి ఎటునుంచి వచ్చినా లోపలి అడ్డగోడలకి తగిలి కింద గదిలోకి దిగుతుంది, వేడి గాలి రెండోవైపునుంచి పైకి పోతుంది. కరెంటు లేని కాలపు ఎయిర్‌కండిషను. ఇప్పుడు ఆ ఊరు బతికేది అసలైన ఎయిర్‌కండిషనుమీద, సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసి పంపే పెద్ద కర్మాగారాలమీద. తాగే గ్లాసెడు నీళ్ళ వెనక అంత మంట మండాలని తెలిశాక మావాడు స్నానం రెండు నిమిషాల్లో ముగిస్తానని మాట ఇచ్చాడు. చూద్దాం.

నీళ్ళంటే గుర్తొచ్చింది. 2024 ఏప్రిల్ 16న అక్కడ వాన పడింది. 1949నుంచి ఉన్న లెక్కల్లో ఎన్నడూ లేనంత వాన. ఏడాదికి పడాల్సిందంతా, ఆ పైన కూడా, ఒక్కరోజున పడింది. రన్‌వేలమీద విమానాలు నీళ్ళలో ఈదుతున్నట్టు టీవీలో మనమంతా చూశాము. తమ్ముడు ఆ రాత్రి మోకాటిలోతు నీళ్ళలో నడిచి రూము చేరాడట. "ఊళ్ళె చెరువు మత్తడి దుంకిన దినం యాదికొచ్చిందన్నా. ఫొటోలు దీద్దమంటే ఫోను తడుస్తదని భయపడ్డ" అన్నాడు. ఎడారికి పోతూ గొడుగు పెట్టాలా అని మాలో ఒకరు అడిగారు. పెట్టక్కర్లేదని తేల్చాము.

హోటలు కూడా మార్చేశాము. గోపురం పక్కన కాకుండా బర్ దుబాయిలో తీసుకున్నాము. ధర సగానికి తగ్గింది. ఇడ్లీ, ఉప్మా నడిచి పోయేంత దూరంలో దొరుకుతాయి, మెట్రో స్టేషనూ దగ్గరే. అక్కడి మెట్రో 2009 సెప్టెంబరు 9న మొదలయింది. డ్రైవరు ఉండడు. ఆడవాళ్ళకి పిల్లలకి విడిగా పెట్టె ఉంది. లోపల తినడం, తాగడం, చూయింగు గమ్ము నమలడం కుదరదు, జరిమానా వేస్తారు. 2005లో కాంట్రాక్టు ఇస్తే నాలుగేళ్ళలో రైలు నడిచింది. మన సిల్వరు లైను రెండో భాగం 2014లో పని మొదలై, హెర్న్‌డన్ స్టేషను తెరుచుకునేసరికి 2022 నవంబరు వచ్చింది. ఈ పోలిక మేము గొప్పగా ఫోనులో చెబితే తమ్ముడు అడిగిన ప్రశ్న: "మీకాడ రాత్రిపూట గూడ పనిజేస్తరా అన్నా?" మాకు జవాబు తెలియలేదు. పక్కనే కడుతుంటే ఎనిమిదేళ్ళు ట్రాఫిక్కును తిట్టుకున్నామేగాని ఆ టోపీల కింద ఎవరున్నారో చూడలేదు.

ఈ మాటమీదే మా ఇంట్లో ఒక చిన్న యుద్ధం జరిగింది. మా పెద్దపిల్ల హైస్కూలు. బడిలో గల్ఫు కూలీలమీద ఏదో పాఠం చెప్పారు. పాస్‌పోర్టులు లాక్కోవడం, జీతాలు ఆపడం, ఎండలో చావులు. ఇంటికొచ్చి, "నేను రాను. ఆ ఊళ్ళో డబ్బు ఖర్చు పెట్టడమే తప్పు" అంది. అది చెప్పినవాటిలో అబద్ధం లేదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం అక్కడి చట్టం ప్రకారం కూడా నేరమే. 2009నుంచి జీతం బ్యాంకుద్వారానే వేయాలని ఏర్పాటు చేశారు. అయినా ఎగ్గొట్టేవాళ్ళు ఎగ్గొడుతూనే ఉన్నారు. కంపెనీ వదిలి కాగితాలు లేకుండా మిగిలినవాళ్ళని మనవాళ్ళు ఖల్లివెల్లి అంటారు. నిజామాబాదు, కరీంనగరం జిల్లాల పల్లెల్లో ఆ అరబ్బీ మాట తెలియని ముసలమ్మ ఉండదు. 2007లో, 2018లో, మళ్ళీ 2024లో క్షమాభిక్ష ప్రకటించినప్పుడు వచ్చినవాళ్ళు వచ్చారు. తమ్ముడికి కూడా మొదటి కంపెనీలో ఐదు నెలల జీతం రాలేదు. అది ఇప్పటికీ రాలేదు.

ఇంతమంది పెద్దవాళ్ళం నచ్చచెప్పలేక పిల్ల చేతికి ఫోను ఇచ్చాము. వచ్చీరాని తెలుగులో అదే మాట బాబాయికి చెప్పింది. అతను చివరిదాకా విని, "నువ్వన్నది నిజమే బిడ్డా. కని నువ్వు రాకుంటె మా సేటుకేం నష్టం లేదు. నేనే నిన్ను సూడకుంట అయిత" అన్నాడు. అది ఫోను పెట్టేసి గదిలోకి పోయింది. మర్నాడు పొద్దున పట్టికలో తన పేరు ఎదుట తానే టిక్కు పెట్టింది. ఇసుకతిన్నెల జీపు సవారిమీద మాత్రం అడ్డంగా గీత కొట్టింది. మేమేమీ అనలేదు.

ఆదివారం ఏం చేయాలన్నది తమ్ముడే నిర్ణయించాడు. రూముకి వస్తామంటే ఒప్పుకోలేదు. "రూంకొద్దన్నా. ఆరుగురం ఉంటం, మంచాలమీద మంచాలు. వదిన ఏడ గూసుంటది?" అన్నాడు. సిగ్గా, కాపలావాళ్ళ బెడదా అనేది మాకు తెలియలేదు, రెట్టించలేదు. బుర్జ్ ఖలీఫాకి తీసుకుపోతామన్నాము. 828 మీటర్ల గోపురం అది, 2010 జనవరి 4న తెరిచారు. అతను ఆ ఊళ్ళో కాలుపెట్టేసరికే అది లేచి ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఎక్కలేదు. టిక్కెట్టు ధర తన మూడు రోజుల జీతమని లెక్క చెప్పాడు. "ఎక్కుడెందుకన్నా? కిందికెళ్ళి జూస్తెనే పెద్దగ కనవడ్తది" అన్నాడు. మావాడు ఒప్పుకోలేదు, బాబాయి లేకపోతే తానూ ఎక్కనన్నాడు. చివరికి బేరం కుదిరింది. ఉదయం ఐదుగురం గోపురం ఎక్కాలి. 124వ అంతస్తు చాలు, పొద్దుగూకే వేళ టిక్కెట్టు ఎక్కువ, పొద్దున్న తక్కువ. ముందుగా కొనుక్కుంటే వరసలు తప్పుతాయి. మధ్యాహ్నం అతను చెప్పిన చోటికి మేము పోవాలి.

అతను చెప్పిన చోటు ఏ గైడు పుస్తకంలోనూ చూడదగ్గ ప్రదేశంగా కనిపించదు. మెట్రో ఎర్ర లైనులో జెబెల్ అలీనుంచి ఎక్స్‌పో జరిగిన స్థలందాకా 15 కిలోమీటర్ల కొమ్మ వేశారు, ఏడు స్టేషన్లు. 2021 జనవరి నుంచి జనం ఎక్కుతున్నారు. అందులో రెండు భూమిలోపల ఉన్నాయి. ఆ రెండింటిలో ఒకదానికి తమ్ముడు అచ్చులు కట్టాడు. "గోడ పలకలేసి కప్పిన్రు గని, ఎన్కకు మా చెక్కల గీతలు కాంక్రీటుమీద అట్లనే ఉంటయన్నా" అన్నాడు. అక్కడ దిగి, ఆ ప్లాట్‌ఫారంమీద కాసేపు నిలబడి, మళ్ళీ రైలెక్కి రావాలి. అంతే. పిల్లలకి ఈ కార్యక్రమం గోపురంకన్నా ఎక్కువ నచ్చడం మాకు వింతగా ఉంది.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని చాలా వాదించుకున్నాము. మన ఊరి పేరు ఎవరిదో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. కెప్టెన్ విలియం లూయిస్ హెర్న్‌డన్ 1857లో సెంట్రల్ అమెరికా అనే ఓడ నడుపుతూ, కాలిఫోర్నియానుంచి వస్తున్న బంగారంతోసహా కరొలైనా తీరానికి దూరంగా తుఫానులో మునిగిపోయాడు. ఆడవాళ్ళని, పిల్లల్ని పడవలెక్కించి తాను ఓడతోనే పోయాడు. నాలుగువందలమందికి పైగా చనిపోయారు. ఆ బంగారం 1988లోగాని దొరకలేదు. అలాంటి ఊళ్ళో ఉంటూ మేమూ బంగారం గొడవలో పడ్డాము. తమ్ముడి కూతురికి మే నెలలో పెళ్ళి. పన్నెండేళ్ళుగా కూడబెట్టి కొన్నది కాస్త ఉంది. "వదిన మెడలేసుకొని పోతే ఎవరడుగుతరు?" అన్నాడు.

ఏడాదికి పైబడి బయటి దేశంలో ఉన్నవారు ఇండియాకి పోతూ స్త్రీ అయితే 40 గ్రాములు, పురుషుడైతే 20 గ్రాముల నగలు సుంకం లేకుండా తీసుకుపోవచ్చు. కాని అవి తమవై ఉండాలి. ఒకరి సొత్తు ఇంకొకరు తమదని చెప్పి దాటించడం తప్పు. ఎయిర్‌పోర్టులో ఎవరో వచ్చి "కొంచెం ఈ పొట్లం పట్టుకోండి" అంటే పట్టుకోకూడదని మనమే పదిమందికి చెబుతాం. ఇక్కడ అడిగింది ఎవరో కాదు. కుదరదని చెప్పాము. అతను సరే అన్నాడు. ఆ తర్వాత రెండు వారాలు ఫోను చేయలేదు. మేము చేస్తే మాట్లాడాడు, అంతే. అమెరికావాళ్ళకి అన్నీ రూల్సే అని చిన్నమ్మ ఎవరితోనో అన్నట్టు మాకు చేరింది.

చివరికి మాలో పట్టికలు చింపేవారికే దారి తోచింది. పెళ్ళికి పెదనాన్న, పెద్దమ్మ ఏదో ఒకటి పెట్టాలి గదా? ఆ గొలుసు ఇక్కడో హైదరాబాదులోనో ఎందుకు, ఆదివారం సాయంత్రం దేరా బంగారం బజారులో కొందాం. డబ్బు మాది, రసీదు మా పేరున, మెడలో వేసుకుపోయేది మా నగే. ఎంచేది మాత్రం తమ్ముడు. అతను కూడబెట్టినదాంట్లో 20 గ్రాములు పెళ్ళికి వచ్చేటప్పుడు అతనే తెచ్చుకుంటాడు. ఈ మాట చెబితే చాలాసేపు పలకలేదు. తర్వాత, "గోధుమ గొలుసు గావాలె అంటది పిల్ల" అన్నాడు. అప్పటినుంచి రోజూ ఫోటోలు పంపుతున్నాడు. పదకొండు వచ్చాయి, పదకొండూ మాకు ఒకేలా కనిపిస్తున్నాయి.

ఇక మిగిలింది సకినాలు. ఏం తెమ్మంటావని అడిగితే మొదట ఏమీ వద్దన్నాడు. నాలుగోసారికి, "సంక్రాంతికి ముందుగాల వస్తున్నరు గద, వదినకు చాతనైతే సకినాలు" అన్నాడు. ఎన్నంటే, "రూంల ఆరుగురం. పక్క రూమోళ్ళు గూడ మనోళ్ళే" అన్నాడు. మొన్న శనివారం నమూనాకి చేసి చూశాము. బియ్యం రాత్రి నానబోసి, తడిపిండి పట్టి, నువ్వులు, వాము కలిపి, వంటింటి నేలమీద తెల్లటి దుప్పటి పరిచి నలుగురం చుట్లు చుట్టాము. మావాడివి కోడిగుడ్డు ఆకారంలో వచ్చాయి. నూనెలో వేసేసరికి పొగ గంట మూడుసార్లు మోగింది. పక్కింటి అమెరికను ముసలాయన తలుపు కొట్టి చూసి, రెండు తిని, నాలుగు పట్టుకుపోయాడు. అందులో గసగసాలు లేవని పట్టికలో రాసుకున్నాము.

ఎమిరేట్స్‌లో మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. సకినాలకని ఒక గట్టి రేకుడబ్బా, పైన కింద తువ్వాళ్ళు వేసి, ఒక పెట్టె విడిగా పెట్టాము. పోయిన నెల పుట్టినరోజుకి కొన్న తూకపు కొక్కెం తగిలించి ఎత్తి చూస్తే ఇరవైరెండు కిలోల చిల్లర. ఇంకో పదిహేను సకినాలకి చోటుంది.